ఎండకు వెలవని పసుపు

మక్తల్‌లో పిండి పట్టించుకోవడానికి నాలుగైదు గిర్నీలున్నా పాత బస్టాండు వెనుక సందులో ఉన్న నర్సింగమ్మ గిర్నికే ఎక్కువమంది వచ్చేవాళ్లు. అక్కడ పిండి మెత్తగా వస్తుందనేవాళ్లు గానీ అసలు సంగతి ఆమె మాటలు. డబ్బా దించినవాళ్లను ఆమె ఊరికే కూర్చోనిచ్చేది కాదు.

"గీ జొన్నలు యాడియి? రేగడియా, చెల్కయా?" అని అడిగేది. వాళ్లు నోరు తెరిచేలోపు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, అవి ఏ నేలలో పండాయో తనే చెప్పేది. తప్పయితే నవ్వేది. నవ్వి, ఎందుకు తప్పయిందో తేలేదాకా వాళ్లను వదిలేది కాదు. ఆ యేడు వాన ఎప్పుడు పడింది, విత్తనం ఎక్కడిది, కోసిన తర్వాత ఎన్నాళ్లు ఎండబెట్టారు, అన్నీ అడిగేది.

ఈ అడిగే గుణం చిన్నప్పటిది. ఆమె తండ్రి ఐలేశం గొర్రెల కాపరి. నీళ్లున్న రోజుల్లో ఊళ్లో జొన్న వేసేవాడు, ఎండలు ముదిరితే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. నర్సింగమ్మ ఆయన వెంటపడి నడిచేది. గొర్రె ఈ ఆకు తిని ఆ ఆకు ఎందుకు వదిలేసింది, గర్భంతో ఉన్నది ఉప్పురాయి ఎందుకు నాకుతుంది అని నడిచినంత దూరం అడిగేది. "నేనే గొర్రెనైతే నీకు జవాబు చెప్పేటోన్ని బిడ్డా" అని ఐలేశం తలపాగ విప్పి మొహం తుడుచుకునేవాడు. నర్సింగమ్మ ఊళ్లో బడి ఉన్న ఐదో తరగతి వరకు చదివింది. ఆ పైన బడి లేదు. పెళ్లయి మక్తల్ వచ్చేసరికి కిష్టయ్యకు తండ్రి ఇచ్చిన గిర్ని ఉంది. మొదట్లో ఆమె గోధుమలు చెరగడం, డబ్బాలు వరుసలో పెట్టడం వరకే చూసుకునేది. కొన్నాళ్లకు రాళ్ల చప్పుడు విని, అవి బిగిశాయో వదులయ్యాయో చెప్పడం నేర్చుకుంది. ఆ తర్వాత మీట వేసేది కూడా ఆమే. ఉన్న ఒక్క కూతురు మనీషను నారాయణపేటకు ఇచ్చాక గిర్నిలో ఇద్దరే మిగిలారు.

కరోనా వచ్చినప్పుడు అందరిలాగే నర్సింగమ్మా పసుపునీళ్లు మొదలుపెట్టింది. రోగం పోయింది, ఊళ్లోవాళ్లు మానేశారు, ఆమె మానలేదు. మరుసటేడు పట్నం నుంచి దవాఖానవాళ్లు వచ్చి బడిలో శిబిరం పెట్టి ముప్పై దాటినవాళ్లందరికీ వేలు పొడిచి చూశారు. నర్సింగమ్మకు షుగర్ ఉందన్నారు.

ఆమె నమ్మలేదు. "నేను చాయ్‌ల కూడ సక్కెరేసుకోను. దినమంతా నిలబడే ఉంట. నాకెట్లొస్తది?" అని నర్సును నిలదీసింది. నర్సు గోలీలు చేతిలో పెట్టి, తర్వాతి మనిషిని పిలిచింది. ఆ రోజు ఇంటికి నడుస్తూ నర్సింగమ్మకు తండ్రి గుర్తొచ్చాడు. ఐలేశం పోయింది కాలికి మానని పుండుతో. ముల్లు గుచ్చుకున్నదే అన్నారు అప్పుడు. ముల్లు ప్రతి గొర్రెల కాపరికీ గుచ్చుకుంటుంది, అందరికీ పుండు పడదు. ఆయనకూ ఇదే ఉండేదేమో అని ఆమెకు అప్పుడు తట్టింది.

షుగర్‌కు పసుపు మంచిదని ఫోన్‌లో ఎవరో చెప్పగా విన్నది. పొద్దున్నే ఏమీ తినకముందు, వేడినీళ్లలో నిండు చెంచా. పసుపు ఆమెకు కొదువ లేనిది. బజారులో నాగరాజు సేటు దుకాణం నుంచి మెరిసే కొమ్ములు ఏరి తెచ్చుకునేది. విరిస్తే పచ్చగా, పైన నిగనిగలాడుతూ ఉండేవి. వాటిని రోట్లో చితక్కొట్టి, కారం పట్టే చిన్న మిషన్లో తనే మెత్తగా పట్టుకునేది. గిర్నికి వచ్చేవాళ్లకూ చెప్పింది. షుగరున్నవాళ్లంతా ఆమెను చూసి తాగసాగారు. అందులో పక్క సందు గుర్వమ్మ మరీ నమ్మకంగా పొద్దున, సాయంత్రం తాగేది.

కొన్ని నెలలకు నర్సింగమ్మకు కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. ఒకసారి వచ్చి పోయేది, మళ్లీ వచ్చేది. నోట్లో ఇనుము నాకినట్టు ఉండేది. మీట వేసి రెండు డబ్బాలు పట్టేసరికి కాళ్లు లాగేవి. మొహం పాలిపోయింది. షుగర్ చూపిస్తే దిగకపోగా ఇంకాస్త పెరిగింది.

"గా పసుపునీళ్లు జర బంద్ పెట్టు" అన్నాడు కిష్టయ్య.

"పసుపుతోటి ఎవరికన్న నొప్పొస్తదా? నువ్వు తాగక గట్లంటున్నవు."

"నాకు గా వాసనే పడది."

"గందుకే నీకు మోకాళ్ల నొప్పులు" అని చెంచాకు బదులు చెంచాన్నర వేసుకుంది. గోలీలు ఒంటికి వేడి చేస్తున్నాయేమోనని వాటిని పూటకొకటి తగ్గించింది.

ఒకరోజు పొద్దున గిర్నిలో జొన్నలు పోస్తూ పోస్తూ ఆమె కడుపు పట్టుకుని నేలమీద కూలబడిపోయింది. మనుషులు పరుగెత్తుకొచ్చి మిషన్ ఆపారు. కిష్టయ్య ఆటో పిలిచి మక్తల్‌లోనే చూపించాడు. అక్కడ గ్యాస్ అన్నారు. రెండు రోజులకు మళ్లీ నొప్పి. ఈసారి పాలమూరు తీసుకెళ్లాడు.

అక్కడ పెద్ద దవాఖానలో చూసిన డాక్టర్ పేరు నాగేందర్. నలభై దాటని మనిషి, నల్లగొండవాడు. కడుపు స్కానింగు తీయించాడు. రాళ్లు లేవు, పుండు లేదు, వాపు లేదు. రక్తం మాత్రం బాగా తగ్గిపోయింది. "ఇనుము తక్కువై రక్తం తగ్గిందనుకుంటే నొప్పెందుకు?" అని ఆయన తనలో తనే అనుకున్నాడు. రక్తాన్ని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడమని ల్యాబుకు పంపించాడు.

ల్యాబులో ఉన్న భాగ్యలక్ష్మి చాలాసేపు చూసింది. లేచి వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయనా వంగి చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట బెంచీ మీద కూర్చున్న నర్సింగమ్మ తలుపు సందులోంచి ఇదంతా గమనించింది. ఆగలేక లోపలికి వచ్చింది.

"ఏమున్నదమ్మా నా రక్తంల?"

"కూసో పెద్దమ్మా, సార్ చెప్తడు" అంది భాగ్యలక్ష్మి.

"ఆయన చెప్పినంక సమజ్ గాకపోతె మల్ల నిన్నే అడుగుత గద. ముందుగాల నన్నే చూడనియ్యి."

భాగ్యలక్ష్మి డాక్టరు వైపు చూసింది. ఆయన నవ్వి పక్కకు జరిగాడు. నర్సింగమ్మ ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించింది. మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. భాగ్యలక్ష్మి తల కాస్త ఎత్తించింది. అప్పుడు కనిపించాయి. లేత గులాబీ రంగు బిళ్లలు, ఒకదాని పక్కన ఒకటి. కొన్నిటి లోపల సన్నటి నీలం చుక్కలు, పిండి మీద నల్లావాలు చల్లినట్టు.

"గా చుక్కలేంది?"

"అవే ఉండొద్దమ్మా" అన్నాడు నాగేందర్. "సీసం ఒంట్లకు పోతె కొందరికి ఇట్ల కనిపిస్తయి. వేరే కారణాలతోటి కూడ రావొచ్చు. అందుకే రక్తం హైదరాబాదుకు పంపి సీసం ఎంతున్నదో కొలిపిస్త."

వారం గడిచాక ఫలితం వచ్చింది. ఉండవలసినదానికన్నా సీసం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది.

"ఏం పని చేస్తరమ్మా?" అని డాక్టరు మొదటి నుంచీ మొదలుపెట్టాడు. పాత బ్యాటరీలు కరిగించే చోటు దగ్గర ఉందా? ఇంటికి రంగులు గీకారా? నాటుమందులు, భస్మాలు తిన్నారా? గిన్నెలకు కళాయి పోయించారా? నర్సింగమ్మ దేనికీ అవునని చెప్పలేకపోయింది.

"మీ ఇంట్ల మీ ఆయన ముట్టనిది, మీరొక్కరే తినేదో తాగేదో ఏమన్న ఉన్నదా? పొయ్యి ఆలోచించుండ్రి. దొరికినదాన్ని పారేయొద్దు, నా దగ్గరికి తీసుకురాండ్రి. అది దొరికేదాక మందులెన్నిచ్చినా ఒకదిక్కు తోడేస్తుంటె ఇంకోదిక్కు పోస్తున్నట్టే."

ఇంటికి తిరిగొచ్చే బస్సులో నర్సింగమ్మ కిటికీ పక్కన కూర్చుని ఇల్లంతా మనసులోనే వెతికింది. భయం వేయాల్సిన చోట ఆమెకు తెలుసుకోవాలనే తపనే ఎక్కువగా ఉంది. నీళ్లు ఇద్దరూ ఒకే కుండలోవి తాగుతారు. బువ్వ, రొట్టె, పప్పు అన్నీ ఒక్కటే. గోలీలు ఆమెవి వేరే, కానీ అవి దవాఖానవి. కిష్టయ్యకు గిర్ని గదిలో మూలనున్న పాత ఇన్వర్టర్ బ్యాటరీ గుర్తొచ్చింది. ఇంటికి రాగానే దాన్ని ఎత్తి బయటి చావడిలో పెట్టాడు. అయితే ఆమె దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. తుడిచేదీ నీళ్లు పోసేదీ అతనే.

"నాకు లేనిది నీకుండాలె. నీ ఒక్కదానికే ఏమున్నది?" అన్నాడు కిష్టయ్య.

"పసుపునీళ్లు" అన్నది ఆమె. అని, తనే తల అడ్డంగా ఊపింది. "కూరల పసుపు నువ్వూ తింటున్నవు గద."

"కూరల చిటికెడు. నువ్వు చెంచాన్నర మింగుతున్నవు."

ఆ మాట ఆమెను పట్టుకుంది. లేచి గిర్నిలోకి పోయింది. కారం మిషన్ మూతికి ఒక గుడ్డ సంచి కట్టి ఉంటుంది, పొడి ఎగిరి మీద పడకుండా. మిరపకాయల కాలంలో ఎర్రబారుతుంది, పసుపు పడితే పచ్చబడుతుంది. ఎప్పటికప్పుడు సబ్బుతో ఉతికి గోడ మీద ఆరేసేది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా తిరుగుతుంది, ఎండలో పెడితే మాయమైపోతుంది. చీర మీద పడ్డ పసుపును ఆడవాళ్లందరూ అలాగే వదిలిస్తారు. ఇప్పుడు గుడ్డను విప్పి చూస్తే, ఉతికి రోజుల తరబడి ఎండకు ఆరేసిన ఆ గుడ్డ కుట్ల మధ్య పచ్చటి పొడి ఇంకా పట్టుకునే ఉంది. వేలితో నలిపింది. సన్నని ఇసుకలా గరగరలాడింది.

"ఇటు చూడు. ఎండకు వెలవలే" అంది.

"రంగు గట్టిదేమో."

"పసుపు రంగు గట్టిది కాదయ్యా. ఎండకు నిలువది. మరి గిదేంది?"

ఆమె అక్క సాలమ్మ కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో ఉంటుంది. పెరట్లో నాలుగు పసుపు మొక్కలు వేసుకుని, ఏటా పూజకని గుప్పెడు కొమ్ములు పంపేది. గోధుమరంగులో, మట్టి అంటి, ముడతలు పడి ఉండే వాటిని నర్సింగమ్మ దేవుడి గూట్లో పెట్టేదే తప్ప ఎన్నడూ పట్టలేదు. అవి చూపుకు ఆనేవి కావు. ఇప్పుడు వాటిలో ఒకటి తెచ్చింది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసింది. ఒకదానిలో సాలమ్మ కొమ్ము, రెండోదానిలో సేటు దుకాణం కొమ్ము వేసింది. ఇద్దరూ గ్లాసుల ముందు కూర్చున్నారు.

సాలమ్మ కొమ్ము అడుగుకు దిగి, కాస్త మట్టి వదిలి ఊరుకుంది. దుకాణం కొమ్ము నీళ్లను తాకీ తాకగానే చుట్టూ పచ్చటి పొగలాంటిది కమ్ముకుంది. గ్లాసు కదిపితే నీళ్లన్నీ పచ్చబడిపోయాయి. కొమ్మును బయటికి తీసి చూస్తే దాని నిగనిగ పోయింది. లోపలి తోలు సాలమ్మ కొమ్ము కన్నా మాసిపోయి ఉంది.

"రంగేసిండ్రు" అన్నాడు కిష్టయ్య.

నర్సింగమ్మ గ్లాసును వెలుతురుకు పట్టి, అడుగుకు దిగుతున్న పొడిని చూసింది. "నొప్పి దీనివల్లనే అయితే, ఊరందరికి రావాలె గద. నాకొక్కదానికే ఎందుకు?" అంది.

ఆ ప్రశ్ననే మరునాడు డాక్టరు ముందు పెట్టింది. గ్లాసు కథ విని నాగేందర్ మెచ్చుకున్నాడు గానీ అక్కడే ఆపాడు. "నీళ్లు పచ్చబడ్డయంటె రంగు ఉన్నదనే తెలుస్తదమ్మా. ఆ రంగుల సీసమున్నదని తెల్వది. అది తేలాలంటె ల్యాబే చెప్పాలె" అని కొమ్ములు, పొడి, గుడ్డ ముక్క మూడింటినీ ఆహార పరీక్షలు చేసేచోటికి పంపించాడు. కొన్నాళ్లకు మళ్లీ రమ్మన్నాడు. మూడింట్లోనూ సీసం ఉన్నట్టు వచ్చింది. పెయింట్లలో వాడే ఒక పచ్చరంగుంది, అందులో సీసం ఉంటుంది, మాసిన కొమ్ములకు మెరుపు తేవడానికి ఎవరో దాన్ని పట్టించి ఉంటారని ఆయన వివరించాడు.

"మీ ఒక్కరికే ఎందుకన్నరు గద. ఊళ్లోవాళ్లు చిటికెడు తింటున్నరు. మీరు పరగడుపున చెంచాలకొద్దీ తాగిండ్రు. ఖాళీ కడుపుల సీసం ఇంకా జల్ది ఒంటికి పడుతది. దానికితోడు ఊరందరి పసుపు దుమ్ము మీ ముక్కులకే పోయింది. మిగతావాళ్లకు లేదని కూడ అనలేం. చూడలేదు గద, ఎవరికి ఎంతున్నదో."

"మరి నా షుగర్ కూడ గిందుకే వచ్చిందా సారూ?"

నాగేందర్ కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"ఇనుము గాలికి తుప్పు పడుతది గద. మన ఒంట్ల కూడ గట్లాంటిదొకటి దినాం నడుస్తనే ఉంటది. గాలి పీల్చి తిండిని అరిగించుకునేకాడ కొన్ని నిప్పురవ్వలు పుడుతయి అనుకోండ్రి. వాటిని ఆర్పేటివి కూడ ఒంట్లనే ఉన్నయి. ఆర్పేటివి తక్కువై రవ్వలు ఎక్కువైతె, దాన్నే మేం ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటం. సీసం రెండు పనులు చేస్తది. రవ్వలు పెంచుతది, ఆర్పేటివాటిని పనిచేయనియ్యది. కడుపుల ఇన్సులిన్ తయారయ్యే జాగా ఉంటది. అక్కడ ఆర్పేటివి మొదలే తక్కువ. అందుకని సీసం లాంటివి అక్కడ దెబ్బ కొడ్తయేమోనని అనుమానం."

"అనుమానమేనా?"

"అనుమానమే. కొందరు పరిశోధన చేసి సంబంధమున్నదన్నరు, కొందరికి కనిపించలే. పైగా షుగర్ ఎక్కువున్నా ఆ రవ్వలు పెరుగుతయి. ఏది ముందు, ఏది వెనుకనో విడదీసుడు కష్టం. మీ నాయినకు షుగర్ ఉండెనా?"

"ఉండెనేమో. అప్పుడెవరు చూసిండ్రు?"

"చూడుండ్రి మరి. అది కూడ ఒక కారణమే కావొచ్చు. గోలీలు తగ్గించుకున్నది ఇంకొకటి. కడుపునొప్పి, రక్తం తగ్గుడు మాత్రం సీసంతోనే అని గట్టిగ చెప్తా. షుగర్ సంగతి ఒక్క మనిషిని చూసి చెప్పలేను."

తెలియదని ఒక డాక్టరు ఇంత వివరంగా చెప్పడం నర్సింగమ్మ ఇంతకుముందు వినలేదు. ఆమెకు నిరాశ కలగలేదు. తండ్రి తలపాగ విప్పుకున్న రోజుల్లోలాగే ఇంకా అడగవలసింది మిగిలి ఉందనిపించింది.

సీసాన్ని దించే మందులు, రక్తం పట్టే మందులు రాసిచ్చారు. షుగర్ గోలీలు ఒక్కపూట కూడా తప్పొద్దన్నారు. మక్తల్ దిగిన నర్సింగమ్మ ఇంటికి పోలేదు. సరాసరి నాగరాజు సేటు దుకాణానికి నడిచింది. కిష్టయ్య వద్దన్నాడు. "లొల్లి పెట్టుకోకు, ఆయనతోని మనకు ఇరవై ఏండ్ల పరిచయం." ఆమె వినిపించుకోలేదు.

దుకాణంలో బేరం లేని సమయం. నాగరాజు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని కూర్చున్నాడు. నర్సింగమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది.

"నేనేసిన్నా అక్కా రంగు? బస్తా ఎట్లొస్తదో గట్లనే విప్పుత."

"నువ్వేసినవంటలేను. ఒక గిలాసల నీళ్లు తెప్పియ్యి."

నీళ్లు వచ్చాయి. బస్తాలోంచి తనే ఒక కొమ్ము తీసి వెయ్యమంది. నాగరాజు వేశాడు. నీళ్లు పచ్చబడటం చూసి కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. ఇంకొక కొమ్ము తీశాడు, అదీ అంతే. ఒకటొకటిగా నాలుగు వేశాడు. అప్పటికి ఆయన మొహంలో కోపం పోయి వేరే ఏదో వచ్చింది.

"మా అమ్మకు పాలల్ల గిదే కలిపిస్తున్న. కీళ్ల నొప్పులని" అన్నాడు మెల్లగా.

"ఎన్నాళ్ల సంది?"

"రెండేండ్లాయె." పచ్చబడ్డ గ్లాసును పక్కకు జరిపాడు. "అక్కా, ఒకప్పుడు మాసిన కొమ్ములే తెచ్చేటోన్ని. ఎవరు కొనకపాయిరి. పక్క దుకాణంల మెరిసేటివి పెట్టిండ్రు, అందరు అటే పోయిండ్రు. నేను కూడ మెరిసేటివే పంపుమన్న. నువ్వు కూడ ఏరి ఏరి మెరిసేటివే తీసుకుంటివి గద."

ఆయన అన్నది నిజమే. మెరుపు ఎక్కడిదని అడగాలని నర్సింగమ్మకు తోచనే లేదు. గింజ కొరికి నేల చెప్పే మనిషి, పసుపు దగ్గర రంగు చూసి ఊరుకుంది. "రేపు మీ అమ్మను పాలమూరు తీస్కపో. డాక్టర్ సాబు పేరు చెప్తా" అని మాత్రం అంది.

ల్యాబు ఫలితం అందుకుని ఆహార కల్తీ చూసే అధికారులు వచ్చారు. నమూనాలు తీసుకున్నారు, బస్తాలు తీసుకెళ్లారు. నాగరాజు తనకు పంపిన వ్యాపారి పేరు చెప్పాడు, ఆ వ్యాపారి ఇంకొకరి పేరు చెప్పాడు. రంగు పూసిన చెయ్యి ఎవరిదో మక్తల్‌కు ఇప్పటికీ తెలియదు.

నర్సింగమ్మ కారం మిషన్ను విడదీయించి కడిగించింది. గుడ్డ సంచి డాక్టరుకు పంపగా మిగిలినదాన్ని డబ్బాలో మూసి అధికారులకిచ్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా మిషన్ దగ్గర నిలబడటం ఇద్దరూ మానేశారు. పసుపు తెచ్చినవాళ్ల ముందు గ్లాసులో నీళ్లు పెట్టి, కొమ్ము వేసి చూపిన తర్వాతే పట్టేది. నీళ్లు పచ్చబడితే పట్టనని తిప్పి పంపేది. కొందరికి ఇది నచ్చలేదు. పెళ్లికి పసుపు పట్టించడానికి వచ్చిన ఒకామె "శుభమా అని వస్తే నీళ్లల్ల ముంచి పరీక్షలు పెడ్తున్నవు" అని డబ్బా ఎత్తుకుని పోయింది. వారం పదిరోజులు గిర్ని ముందు వరుస పలచబడింది. నర్సింగమ్మ పట్టించుకోలేదు గానీ కిష్టయ్య పట్టించుకున్నాడు. సాయంత్రాలు గడప మీద కూర్చుని సందు మొగదల వైపు చూసేవాడు.

అందరికన్నా కష్టమైంది గుర్వమ్మతో. తాగమన్నది తనే, ఇప్పుడు మానమని చెప్పాల్సింది కూడా తనే. గుర్వమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నువ్వే తాగమంటివి, నువ్వే వద్దంటివి. రేపు ఇంకేం చెప్తవో" అంది ఆమె తల ఎత్తకుండా.

"రేపు ఇంకేమన్న తెలిస్తె అది కూడ చెప్త" అంది నర్సింగమ్మ. "ముందుగాల గిది చెప్పు, నీకు నోరు ఇనుము నాకినట్టున్నదా?"

గుర్వమ్మ చేతులు ఆగాయి. "నీకెట్ల తెలుసు?" అంది.

నాలుగైదు నెలల్లో నర్సింగమ్మకు కడుపునొప్పి పూర్తిగా తగ్గింది. మొహానికి రంగు వచ్చింది. రక్తంలో సీసం సగానికి సగం దిగింది, ఇంకా దిగాల్సింది ఉందన్నారు. ఎముకల్లో దాక్కున్నది మెల్లగా వస్తుందట. షుగర్ కూడా తగ్గింది. ఆ కాగితం చూసి ఆమె ఎగిరి గంతేసినంత పనిచేసింది.

"చూసిండ్రా సారూ! సీసం దిగింది, షుగర్ దిగింది!"

"సీసం దిగింది. గోలీలు కూడ సక్కగ వేసుకున్నరు. నొప్పి పోయి మంచిగ తిని, తిరుగుతున్నరు. ఏది తగ్గించిందమ్మా షుగర్ను?" అని నాగేందర్ ఆమెనే అడిగాడు.

నర్సింగమ్మ కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. "మరి తెలుసుకునేదెట్ల?"

"ఒక్కరిని కాదు, శానమందిని చూడాలె. తాగినోళ్లను, తాగనోళ్లను. షుగరున్నోళ్లను, లేనోళ్లను. ఏండ్లు పడుతది."

"మనుషులే గద కావాల్సింది? నా గిర్నికాడికి రాండ్రి. దినాం వరుస కడ్తరు."

నాగేందర్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు. మెడికల్ కాలేజీలో అడిగి, అనుమతులు తెచ్చి, ఉగాది దాటాక ఒక పొద్దున భాగ్యలక్ష్మిని, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని నిజంగానే వచ్చాడు. గిర్ని ముందు చావడిలో బల్ల వేశారు. అంతకు వారం ముందు నుంచే నర్సింగమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అయినా సూది చూడగానే సగంమంది వెనక్కి జరిగారు. డబ్బా వదిలేసి, పిండి తర్వాత తీసుకుంటామని పోతున్నవాళ్లను కిష్టయ్య సందు మొగదల ఆపి మాట్లాడి తీసుకొచ్చాడు. గిర్ని ఖాళీ అయిపోతుందని దిగులు పడ్డ మనిషి, ఆ రోజు అందరికన్నా ఎక్కువగా అతనే తిరిగాడు. నాగరాజు సేటు తల్లిని తీసుకుని వచ్చి వరుసలో నిలబడ్డాడు. గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని చెయ్యి చాపింది.

పసుపునీళ్లు తాగినవాళ్లలో కొందరికి సీసం ఎక్కువగానే ఉందని తేలింది. గుర్వమ్మకు ఉంది, సేటు తల్లికి ఉంది. వాళ్లకు మందులు మొదలయ్యాయి. తాగనివాళ్లలో చాలామందికి లేదు, ఇద్దరికి ఎందుకో ఉంది. ఆ ఇద్దరి ఇళ్లలో ఏముందో వెతకడానికి భాగ్యలక్ష్మి మళ్లీ ఒకసారి వచ్చింది. నర్సింగమ్మ ఆమె వెంట పోయి గిన్నెలు, డబ్బాలు, మసాలాలు అన్నీ తిప్పి చూసింది. షుగర్ సంగతి ఇంకా తేలలేదు. ఇంతమందితో తేలదని, ఏటా వచ్చి చూడాలని డాక్టరు అన్నాడు.

"రాండ్రి, ఎవరు రాకున్నా నేను పట్టుకొస్త" అంది నర్సింగమ్మ. "సారూ, ఇంకొకటడుగుత. మా నాయిన గొర్రెలు గా పత్తిచేను గట్ల పక్కపొంటి మేస్తుండె. మందు కొట్టిన గడ్డి అది. గొర్రెలకు కూడ షుగర్ వస్తదా?"

నాగేందర్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. తనకు తెలియదని, పశువుల డాక్టరు స్నేహితుడొకడు ఉన్నాడని, అడిగి చెబుతానని అన్నాడు. ఆమె సరేనని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, జొన్నల డబ్బా ఎత్తి మీట వేసింది.